మన ఇల్లు, మన బేరం



ఏప్రిల్ నెలాఖరుకల్లా హైదరాబాదు కాలనీల్లో గేట్లకు టు-లెట్ బోర్డులు వేలాడడం మొదలవుతుంది. విజయవాడ సత్యనారాయణపురంలోనైనా, విశాఖ ఎంవీపీ కాలనీలోనైనా అంతే. అప్పటికి పిల్లల పరీక్షలు అయిపోతాయి. బడులు జూన్‌లో తెరుస్తారు. ఆ తరవాత ఆషాఢం వచ్చిందంటే కొత్తింట్లో పాలు పొంగించడానికి చాలామంది ఒప్పుకోరు. అందుకని ఇళ్లు మారేవాళ్ల హడావుడంతా మే, జూన్ నెలల్లోనే. ఆ రోజుల్లో ఓనరుకీ, ఇల్లు వెతుక్కునే కుటుంబానికీ మధ్య ఒక మూడో మనిషి బండి మీద తిరుగుతూ కనిపిస్తాడు. జేబులో నాలుగిళ్ల తాళాలు, ఫోన్లో కాలనీ మొత్తం నంబర్లు. ఆయనే బ్రోకరు.

ఆయన తీసుకునేది మామూలుగా ఒక నెల అద్దె. కొన్ని పేటల్లో ఓనరు దగ్గర సగం, అద్దెకొచ్చేవాళ్ల దగ్గర సగం తీసుకుంటాడు. గిరాకీ ఎక్కువున్న మాదాపూర్, కొండాపూర్ లాంటి చోట్ల ఇద్దరి దగ్గరా నిండుగా తీసుకునేవాళ్లూ ఉన్నారు. ఇరవై వేల అద్దె ఇల్లనుకోండి, ఇరవై వేలు. ఏడాది రాబడిలో పన్నెండో వంతు. అద్దెకొచ్చిన కుటుంబం పదకొండు నెలలకే ఖాళీ చేసిందా, మళ్లీ బోర్డు, మళ్లీ బ్రోకరు, మళ్లీ ఇరవై వేలు. పింఛను మీద బతుకుతూ పైపోర్షన్ అద్దెతో మందులూ మాకులూ చూసుకునే పెద్దవాళ్లకి ఇది చిన్న మొత్తం కాదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అద్దె ఆదాయం మీద పన్ను లెక్క కట్టేటప్పుడు మునిసిపల్ పన్ను తీసేసి, మిగిలినదాంట్లో ముప్ఫై శాతం మినహాయింపు ఇస్తారు. ఇంటి అప్పు ఉంటే దాని వడ్డీకి వేరే లెక్క ఉంది. సున్నాలు, రిపేర్లు, బ్రోకరు కమిషన్ అన్నీ ఆ ముప్ఫై శాతంలోనే సర్దుకోవాలి. కమిషన్‌ని విడిగా ఖర్చు రాసుకోవడానికి గడి లేదు. అంటే ఆ డబ్బు నిజంగా మన జేబులోంచే పోతుంది.

అయితే బ్రోకరు ఊరికే తీసుకుంటున్నాడనడం అన్యాయం. ఆయన చేసే పని ఒకటుంది. ఎండలో పదిమందికి ఇల్లు చూపిస్తాడు. రాత్రి పదింటికి వచ్చిన ఫోను ఎత్తుతాడు. అద్దె ఎంత పలుకుతుందో మొహమాటం లేకుండా చెబుతాడు. మనం అడగడానికి ఇబ్బందిపడే ప్రశ్నలు మన తరఫున అడుగుతాడు. కమిషన్ మిగుల్చుకోవాలంటే ఈ పనులన్నీ మనమే చెయ్యాలి. చెయ్యడం కష్టమేమీ కాదు గానీ, చెయ్యకుండా బోర్డు కట్టేసి లోపల కూర్చుంటే మాత్రం మిగిలేది ఖాళీ ఇల్లే.

అన్నిటికంటే ముందు అద్దె ఎంత చెప్పాలో తేల్చుకోవాలి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. పక్కింటాయన పాతికవేలకిచ్చానని చెప్పాడు కాబట్టి మనదీ పాతికవేలే అనుకుంటారు. పక్కింటాయన చెప్పింది అడిగిన అద్దె కావచ్చు, కుదిరిన అద్దె కాకపోవచ్చు. వెబ్‌సైట్లలో కనిపించే అంకెలూ అంతే, అవి ఓనర్ల ఆశలు. కుదిరిన అద్దె తెలియాలంటే అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ని అడగండి. పోయిన నెల మూడో అంతస్తులో దిగినవాళ్లు ఎంతకి దిగారో, ఎంత బేరమాడారో అతనికి తెలుస్తుంది. మీ వీధిలో ఉన్న రెండు మూడు బోర్డులకి అద్దెకి కావాలన్నట్టు ఫోను చెయ్యండి. మొదట చెప్పిన అంకె ఎంత, కాస్త బేరమాడితే ఎక్కడికి దిగింది, ఆ ఇల్లు ఎన్నాళ్లనుంచి ఖాళీగా ఉంది, ఈ మూడూ కనుక్కుంటే మీ ఇంటి విలువ సుమారుగా తేలిపోతుంది.

ఒక చిన్న లెక్క చెబుతాను, కాగితం పెన్ను దగ్గరుంటే రాసుకోండి. మీ ఇంటికి పద్దెనిమిది వేలు వస్తాయని తేలింది. మీ మనసు పంతొమ్మిదివేల అయిదొందలు అడుగుతోంది. తేడా నెలకి పదిహేను వందలు. ఏడాదికి పద్దెనిమిది వేలు. ఆ పదిహేను వందల కోసం ఆగి ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంచారా, ఏడాదంతా ఎక్కువ వసూలు చేసినా వచ్చేది ఆ పోయిన నెల అద్దెకి సరికి సరి. రెండు నెలలు ఆగితే చేతి డబ్బు పోయినట్టే. పైగా ఆ రెండు నెలలూ అపార్ట్‌మెంటు మెయింటెనెన్స్ మనమే కట్టాలి. బ్రోకరు కమిషన్ గురించి బాధపడే ఓనర్లు ఖాళీ నెల గురించి బాధపడరు. కమిషన్ చేతిలోంచి లెక్కపెట్టి ఇస్తాం కాబట్టి కనిపిస్తుంది, రాని అద్దె కంటికి కనపడదు. నన్నడిగితే మొదటి పదిరోజుల్లో చూడ్డానికి ఎవరూ రాలేదంటే అద్దె ఎక్కువ చెప్పామని అర్థం. చూడ్డానికి చాలామంది వచ్చి ఎవరూ ఖాయం చేసుకోలేదంటే లోపం ఇంట్లో ఉంది. కారుతున్న కుళాయో, చెమ్మ పట్టిన గోడో అయివుంటుంది.

ఇక బోర్డు. బజార్లో దొరికే ఎర్రబోర్డు మీద టు-లెట్ అనే మాట, కింద ఫోను నంబరు, అంతే ఉంటుంది. దాన్ని చూసి ఫోను చేసే వందమందికీ మనం ఒకే సమాధానం వందసార్లు చెప్పాలి. అద్దె ఎంత, ఎన్ని గదులు, ఏ అంతస్తు, నీళ్లు ఎలా. అవే నాలుగు మాటలు బోర్డు మీద రాస్తే, పనికిరాని ఫోన్లు సగానికి సగం తగ్గుతాయి. అద్దె రాస్తే బేరం పోతుందని భయపడతారు. రాయకపోతే పదిహేను వేలు పెట్టగలిగినవాళ్లూ, ముప్ఫై వేల ఇల్లు కావాల్సినవాళ్లూ మన మధ్యాహ్నపు నిద్ర పాడుచేస్తారు. బోర్డు మన గేటుకే కట్టుకోవాలి. కరెంటు స్తంభాలకీ, ప్రహరీ గోడలకీ అంటిస్తే ఊరు పాడవుతుంది, మునిసిపాలిటీ వాళ్లు జరిమానా వెయ్యనూ వచ్చు.

ఆన్‌లైన్లో పెట్టేవాళ్లకి ఇప్పుడు దారులు చాలా ఉన్నాయి. 2014లో మొదలైన నోబ్రోకర్ పేరులోనే దాని సంగతి ఉంది, హైదరాబాదులోనూ నడుస్తోంది. 99ఏకర్స్, మ్యాజిక్‌బ్రిక్స్, హౌసింగ్ డాట్ కామ్ లాంటివాటిలో ఓనరు సొంతంగా ప్రకటన పెట్టుకోవచ్చు. వీటిలో డబ్బు కట్టే పథకాలు కూడా ఉంటాయి. ప్రకటన పెట్టిన మరుక్షణం నుంచీ ఆ పథకం తీసుకోండని ఫోన్లు మొదలవుతాయి. వారం పదిరోజులు ఉచిత ప్రకటనతో చూసి, అప్పటికీ కుదరకపోతే ఆలోచించండి. గేటెడ్ కమ్యూనిటీల్లో ఉండేవాళ్లు ముందు తమ అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. అక్కడున్నవాళ్ల చెల్లెలో, ఆఫీసు స్నేహితుడో అదే ఆవరణలో ఇల్లు వెతుక్కుంటూ ఉండడం చాలా మామూలు.

ప్రకటన ఎలా రాయాలంటారా? ఇలా రాసి చూడండి. "హబ్సిగూడలో రెండు పడక గదుల ఫ్లాటు, రెండో అంతస్తు, లిఫ్టు ఉంది. తూర్పు గుమ్మం. మెట్రో స్టేషన్‌కి నడిచి పది నిమిషాలు. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు, బోరు ఎప్పుడూ. ఒక కారు, ఒక బండి పెట్టుకోవచ్చు. అద్దె పద్దెనిమిది వేలు, మెయింటెనెన్స్ రెండు వేలు వేరు. అడ్వాన్సు రెండు నెలలు. జూన్ ఒకటి నుంచి ఖాళీ. ఓనరుతో నేరుగా మాట్లాడండి." ఇంతే. విశాలమైన, అందమైన, ప్రశాంతమైన అని రాయక్కర్లేదు, ఆ మాటలు చదివి ఎవరూ ఇల్లు చూడ్డానికి రారు. నీళ్ల సంగతి మాత్రం దాచకండి. హైదరాబాదులో ఇల్లు చూసేవాళ్లు హాలు చూడకముందే కుళాయి తిప్పుతారు. ఎండాకాలంలో ట్యాంకర్ తెప్పిస్తారా, ఆ ఖర్చు ఎవరిదన్నది ముందే చెబితే ఏప్రిల్‌లో గొడవ ఉండదు.

ఫొటోలు పొద్దున పూట తియ్యాలి, కిటికీలు తెరిచి, లైట్లు వేసి, పాత సామాను తీసేసి. హాలుకి నాలుగు ఫొటోలు పెట్టి వంటింటికి ఒక్కటీ పెట్టనివాళ్లున్నారు. ఇల్లు ఖాయం చేసేది చాలాసార్లు ఇల్లాలు, ఆవిడ చూసేది వంటగట్టు, బాత్‌రూము, బట్టలారేసుకునే బాల్కనీ.

సరే, ప్రకటన పెట్టారు. మొదట మోగే ఫోన్లు అద్దెకొచ్చేవాళ్లవి కావు, బ్రోకర్లవి. "సార్, నా దగ్గర మంచి పార్టీ ఉంది, తీసుకురానా?" అంటారు. కోప్పడనక్కర్లేదు. "నేను కమిషన్ ఇవ్వను బాబూ" అని మొదటి వాక్యంలోనే చెప్పెయ్యండి. నాన్చి, వాళ్లు మనుషుల్ని తీసుకొచ్చాక లేదంటే అది గొడవ, న్యాయం కూడా కాదు.

ఇప్పుడు చెప్పబోయేది జాగ్రత్తగా వినండి, ముఖ్యంగా పెద్దవాళ్లు. ఆన్‌లైన్లో నంబరు పెట్టిన ఓనర్లకి ఒక రకం ఫోను వస్తుంది. అవతలి మనిషి సైన్యంలోనో, కేంద్ర భద్రతా దళంలోనో పనిచేస్తున్నానంటాడు. మీ ఊరికి బదిలీ అయిందంటాడు. ఇల్లు చూడకుండానే నచ్చేసిందంటాడు. యూనిఫాంలో ఫొటో పంపుతాడు, గుర్తింపు కార్డు పంపుతాడు. బేరమాడడు. అడ్వాన్సు ఇప్పుడే పంపుతాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి మీ పిన్ నొక్కండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది అంటాడు. నొక్కారా, డబ్బు పడదు, పోతుంది. పది రూపాయలు పంపి నమ్మించి, తరవాత వేలకి వేలు లాగినవాళ్లున్నారు. ఒక్క మాట గుర్తుంచుకోండి. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగారంటే డబ్బు మన దగ్గరనుంచి వెళ్లబోతున్నట్టే. ఒకవేళ మోసపోతే, సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోను చెయ్యండి. అది దేశమంతా పనిచేసే సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చేస్తే, ఆ డబ్బు దారిలోనే ఆపడానికి అంత వీలుంటుంది. నా మటుకు నేను ఇల్లు కళ్లారా చూడని మనిషి దగ్గర ఒక్క రూపాయి అడ్వాన్సు కూడా తీసుకోవద్దంటాను.

ఇల్లు చూపించడానికి ఆదివారం పొద్దున రెండు గంటలు, మామూలు రోజుల్లో సాయంత్రం ఒక గంట కేటాయించుకుంటే చాలు. పాతవాళ్లు ఇంకా ఇంట్లోనే ఉంటే ముందే అడిగి వెళ్లాలి. వాళ్లు స్నానాలు చేసేవేళ తలుపు కొట్టి పదిమందిని లోపలికి తీసుకెళ్లే ఓనర్ని ఆ పాతవాళ్లే కొత్తవాళ్ల ముందు దించేస్తారు. "ఓనరు ఎలాంటివారండీ?" అని కొత్తవాళ్లు మెట్లమీద గుసగుసగా అడిగేది వాళ్లనే.

ఊళ్లో లేనివాళ్ల సంగతేమిటి? వాచ్‌మన్ దగ్గరో, పక్క ఫ్లాటు వాళ్ల దగ్గరో తాళం ఉంచి, వీడియో కాల్‌లో మాట్లాడొచ్చు. నిజానికి మన కాలనీల్లో సగం ఇళ్లు వాచ్‌మన్, ఇస్త్రీ బండతను, కిరాణా కొట్టాయన, కర్రీ పాయింటు ఆవిడ, వీళ్ల నోటిమాట మీదే కుదురుతాయి. కొత్తగా వచ్చిన ఉద్యోగస్తుడు మొదట అడిగేది వాళ్లనే కదా. వాళ్లకి చెప్పి ఉంచండి. ఇల్లు కుదిరాక వెయ్యో, రెండు వేలో చేతిలో పెట్టండి. అది ఇవ్వకుండా ఎగ్గొట్టడం మర్యాద కాదు.

ఇక మనుషుల్ని ఎంచుకోవడం. బ్రోకరు లేనప్పుడు ఓనరుకి అసలు ఇబ్బంది ఇక్కడే. మనం అడగలేని ప్రశ్నలు బ్రోకరు నోటితో అడిగించే అలవాటు మనకుంది. "ముస్లింలకి ఇవ్వరట." "నాన్‌వెజ్ తినేవాళ్లు వద్దట." కృష్ణా, గుంటూరు వైపైతే మరీ నాజూకుగా, "మీరేవిట్లండీ?" ఆ ప్రశ్న అడిగేది కులం గురించని అడిగేవాడికీ తెలుసు, అడిగించుకునేవాడికీ తెలుసు. బ్రోకరు తెర తొలగిపోయాక ఆ ప్రశ్న ఎదుటి మనిషి మొహం చూసి మనమే అడగాలి. చాలామంది అడగలేరు. అడగలేకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అద్దె సమయానికి ఇవ్వడానికీ, గోడకి మేకులు కొట్టకుండా ఉండడానికీ కులంతో సంబంధం లేదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఎక్కడ పనిచేస్తున్నారు, ఎంతమంది ఉంటారు, బండ్లు ఎన్ని, ఇప్పుడున్న ఇల్లు ఎందుకు మారుతున్నారు, ఆ ఓనరు నంబరు ఇస్తారా. ఈ చివరి ప్రశ్నకి వెంటనే నంబరు ఇచ్చినవాళ్ల గురించి పెద్దగా దిగులు పడక్కర్లేదు.

బ్యాచిలర్లంటే మన ఓనర్లకున్న భయం ఈనాటిది కాదు. పెళ్లికాని కుర్రాళ్లకి ఇల్లు ఇవ్వరని నరేష్ ఆడవేషం వేసి అద్దెకి దిగే కథతో తొంభైల మొదట్లో 'చిత్రం భళారే విచిత్రం' వచ్చింది, జనం పడీపడీ నవ్వారు. మూడు దశాబ్దాలు దాటినా కూకట్‌పల్లిలో, ఎస్సార్ నగర్‌లో ఇంకా "ఓన్లీ ఫ్యామిలీస్" బోర్డులే. ముగ్గురు ఉద్యోగస్తులైన అమ్మాయిలు కలిసి అడిగితే కాదని, సమయానికి అద్దె ఇవ్వలేని కుటుంబానికి ఇచ్చి, తరవాత తల పట్టుకునేవాళ్లున్నారు. ఎవరికి ఇచ్చినా ఉండేవాళ్లందరి పేర్లూ ఒప్పందంలో రాయించండి, ఒకరు వెళ్లిపోయి ఇంకొకరు వస్తే ముందు చెప్పాలని షరతు పెట్టండి. దిగులు చాలావరకు తీరుతుంది.

ఒప్పందం దగ్గరికొద్దాం. పదకొండు నెలలే ఎందుకు రాస్తారని ఎప్పుడైనా అనుకున్నారా? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన గడువుకి ఇచ్చే లీజు తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చూ, ఆ తిరుగుడూ తప్పించుకోవడానికి దేశమంతా పదకొండు నెలల ఒప్పందానికి అలవాటుపడింది. మన తెలుగు రాష్ట్రాల్లో మాత్రం ఆ చట్టానికి చేసిన సవరణ వల్ల గడువు ఎంతైనా లీజు రిజిస్టరు చేయించాల్సిందే. ఇంకో పెద్ద తప్పు జిరాక్స్ షాపులో దొరికే ఫారంలో పేర్లు నింపేసి, చదవకుండా సంతకం పెట్టడంలో ఉంది. స్టాంపు తక్కువ పెట్టిన కాగితాన్ని కోర్టు అలాగే సాక్ష్యంగా తీసుకోదు. లోటు కట్టాలి, పైన జరిమానా కట్టాలి, అది పది రెట్ల దాకా ఉండొచ్చు. ఎంత స్టాంపు కావాలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి పెట్టించండి.

కాగితం మీద అంత పట్టింపు ఎందుకంటే, అద్దె నియంత్రణ చట్టం మనకి రక్ష అనుకోవడానికి లేదు. తెలంగాణలో ఇప్పటికీ ఉన్నది 1960 నాటి చట్టం. 2005లో చేసిన సవరణతో నగరపాలక ప్రాంతాల్లో నెలకి 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్లు దాని పరిధిలోంచి బయటికి వెళ్లిపోయాయి. ఇవాళ హైదరాబాదులో 3,500కి ఒక గది రావడం కష్టం. అంటే తగాదా వస్తే దారి సివిల్ కోర్టే, అక్కడ మాట్లాడేది మనం రాసుకున్న కాగితమే. అద్దె ఏ తారీకులోపల ఇవ్వాలి, పదకొండు నెలల తరవాత ఎంత శాతం పెంచుతారు, ఖాళీ చెయ్యాలంటే ఎవరు ఎన్నాళ్ల ముందు చెప్పాలి, మోటారు కాలిపోతే ఎవరు బాగుచేయించాలి, వెళ్లేటప్పుడు రంగుల ఖర్చు ఎంత పట్టుకుంటారు, ఇవన్నీ అంకెలతో రాయండి. రంగుల ఖర్చు సంగతి అసలు మర్చిపోవద్దు. మన ఊళ్లలో అడ్వాన్సు తిరిగి ఇచ్చేటప్పుడు జరిగే గొడవల్లో పెద్దవాటా దానిదే.

అడ్వాన్సు ఎంత తీసుకోవాలి? హైదరాబాదులో రెండు మూడు నెలల అద్దె మామూలు. బెంగళూరులో పది నెలలు అడిగిన రోజులున్నాయి. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇంటికి రెండు నెలల అద్దెకి మించి అడ్వాన్సు ఉండకూడదంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ తమ చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. అయినా రెండు నెలలు అన్నది న్యాయమైన అంకె అని నాకనిపిస్తుంది. ఎక్కువ తీసుకున్న ఓనర్లు ఆ డబ్బు ఖర్చుపెట్టేసి, ఖాళీ చేసే రోజున కొత్తవాళ్లొస్తే ఇస్తానని తిప్పుతారు. ఆ పని చెయ్యకండి.

తాళాలు ఇచ్చే రోజున అద్దెదారుతో కలిసి ఇల్లంతా ఫోనుతో ఒక వీడియో తియ్యండి. ఫ్యాన్లు, గీజరు, కుళాయిలు, గోడలు, కిటికీ అద్దాలు అన్నీ పడాలి. కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసి ఇద్దరూ ఉంచుకోండి. కరెంటు బిల్లు మీద ఉండే యూఎస్‌సీ నంబరు వాళ్లకి ఇస్తే ఫోన్లోనే కట్టుకుంటారు. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద రెండొందల యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తోంది కదా, అది అద్దెకున్న అర్హులకీ వర్తిస్తుంది. ఒక్క మీటరు మీద రెండు పోర్షన్లు నడిపే ఓనరుంటే యూనిట్లు దాటిపోయి ఎవరికీ దక్కదు. పోర్షన్‌కో మీటరు పెట్టించడం అన్నివిధాలా సుఖం.

పోలీసు స్టేషన్‌లో అద్దెదారు వివరాలు ఇవ్వడం మర్చిపోకండి. హైదరాబాదు పోలీసుల హాక్ ఐ యాప్‌లో కూడా ఆ సదుపాయం ఉంది. ఆధార్ కాపీ తీసుకుంటే దాన్ని సొరుగులో భద్రంగా పెట్టుకోండి, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. ఇక పాన్ నంబరు. పాత పన్ను విధానంలో ఉన్న ఉద్యోగి ఏడాదికి లక్ష దాటిన అద్దెకి హెచ్ఆర్ఏ, అంటే ఇంటద్దె భత్యం, మినహాయింపు అడగాలంటే ఓనరు పాన్ ఇవ్వాలి. ఆదాయం బయటపడుతుందని పాన్ ఇవ్వనంటే మంచి ఉద్యోగస్తుడు చెప్పులేసుకుని వెళ్లిపోతాడు. అద్దె ఆదాయం చూపించడం ఎలాగూ మన విధి.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉండి ఇక్కడ ఫ్లాటు కొన్న పిల్లల తల్లిదండ్రులు చాలామంది ఈ ప్రసంగం వింటుంటారని తెలుసు. మీకు ఒక హెచ్చరిక. ఓనరు ఇక్కడే ఉండే మనిషైతే, మామూలు అద్దెదారు నెలకి యాభై వేలు దాటిన అద్దెకే పన్ను పట్టుకుని కట్టాలి, 2024 అక్టోబరు నుంచి అది రెండు శాతం. ఓనరు ఎన్నారై అయితే ఆ యాభై వేల హద్దు లేదు, శాతమూ చాలా ఎక్కువ, ముప్ఫై పైన. ఈ సంగతి దాచి అద్దెకిస్తే నోటీసు అద్దెదారుకి వస్తుంది. ముందే ఆడిటరుతో మాట్లాడి, ఒప్పందంలో రాయించండి. పిల్లల పేరున ఉన్న ఇంటికి మీరు సంతకం పెట్టాలంటే పవర్ ఆఫ్ అటార్నీ కావాలన్నదీ మరవొద్దు.

బ్రోకరు అసలు వద్దేవద్దని నేను అనడం లేదు. మీరు కాకినాడలో ఉండి ఇల్లు మియాపూర్‌లో ఉంటే, చూపించే మనిషి ఎవరూ లేకపోతే, షాపో గోడౌనో అద్దెకివ్వాల్సివస్తే ఆయనకి డబ్బివ్వడం దండగ కాదు. కానీ అక్కడా ముందే తేల్చుకోండి. ఎంత ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు, మూడు నెలల్లో వాళ్లు ఖాళీ చేస్తే మళ్లీ ఉచితంగా చూస్తాడా, ఒప్పందం పొడిగించినప్పుడల్లా కమిషన్ అడుగుతాడా. ఆఖరిది అడిగితే ఒప్పుకోకండి, పొడిగింపుకి ఆయన చేసే పనేమీ లేదు. 2016లో వచ్చిన స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా ఏజెంట్లని రిజిస్టరు చేసుకోమంది గానీ, అది ప్రాజెక్టుల్లో ఇళ్లూ స్థలాలూ అమ్మించేవాళ్ల సంగతి. అద్దె బ్రోకరు మీద ఫిర్యాదు చెయ్యడానికి అక్కడ తలుపు లేదు. ఆయనతోనూ నాలుగు ముక్కలు వాట్సాప్‌లోనైనా రాసుకోవాలి.

ఇంకొక్క మాట. ఇప్పుడున్న అద్దెదారు మంచివాడైతే, పదకొండు నెలలు నిండాయని వెయ్యి రూపాయలకోసం పంతం పట్టి పంపెయ్యకండి. ఆయన ఉన్నంతకాలం మీకు బోర్డూ అక్కర్లేదు, బ్రోకరూ అక్కర్లేదు, రంగులూ అక్కర్లేదు. వచ్చే వేసవికి ఇల్లు ఖాళీ అయ్యేట్టుంటే ఏప్రిల్‌లోనే పాతవాళ్లని అడిగి తేదీ తెలుసుకోండి, బోర్డు మీద అద్దె ఎంతో రాసి కట్టండి, మొదటి పదిరోజులు మీరే చూపించండి. అప్పటికీ కుదరకపోతే బ్రోకరుకి ఫోను చెయ్యడం ఎంతసేపు?